ఊరే ఊరేగే రోజు

మే పదిహేడూ, నీకు దండం!

రాజధానిలో నిన్ను చూసినవాళ్ళు కొల్లలు. ఓస్లోలో కార్ల్ యోహాన్ వీధి పొడవునా బడిపిల్లలు వేలకు వేలుగా నడుస్తుంటే, రాజప్రాసాదం మేడ మీద నిలబడి రాజకుటుంబం గంటల తరబడి చెయ్యి ఊపుతూనే ఉంటుంది. ఆ దృశ్యం టీవీల్లో లోకమంతా చూసింది. నేను నిన్ను ఉల్విక్‌లో చూశాను. పడమటి నార్వేలో, సముద్రం కొండల సందుల్లోకి దూరి, మైళ్ళకు మైళ్ళు లోపలికి నడిచొచ్చి, ఇక దారి లేక ఆగిపోయిన చోట ఉంటుంది ఆ ఊరు. శివారు పల్లెలన్నీ కలుపుకున్నా దాదాపు 1,100 మంది. దేశపు పండుగ చూడాలంటే దేశమంత చోటు కావాలనుకునేవాణ్ణి. ఊరంత చోటు చాలునని, ఊరు ఎంత చిన్నదైతే అంత మేలని నీ దగ్గరే తెలిసింది.

నువ్వు వచ్చే వేళ ఎంత గొప్ప వేళ! శీతాకాలమంతా ఆ లోయల్లో వెలుతురుకు కరువు. డిసెంబరులో పొద్దు ఇలా తొంగిచూసి అలా పోతుంది. అన్నాళ్ళ కరువు తర్వాత మే నెలలో వెలుగు గట్లు తెంచుకుంటుంది. రాత్రి పదింటికీ ఆకాశం లేతనీలంగా మేలుకునే ఉంటుంది. కొండల నెత్తిన మంచు ఇంకా కరగదు. కొండల నడుముల నుంచి మాత్రం కరిగిన నీరంతా జలపాతాలై దూకుతుంది, పగలూ రాత్రీ అదే హోరు. కొండల పాదాల దగ్గర యాపిల్ తోటలు పూతకొస్తాయి. పైన మంచు తెలుపు, కింద పూల తెలుపు, నడుమ అప్పుడే విచ్చిన బిర్చ్ ఆకుల పసరుపచ్చ, అట్టడుగున కొండల నీడ తాగి నల్లబడ్డ నీళ్ళు. నార్వే పండ్లతోటలకు ఈ ఊరున్న హార్డాంగర్ ప్రాంతం పెట్టింది పేరు. ఈ ఊరి తోటమాలి ఊలావ్ హెచ్. హౌగె (1908–1994) జీవితమంతా ఇక్కడే యాపిల్ చెట్లు పెంచుకుంటూ కవిత్వం రాశాడు, దేశం మెచ్చిన కవి అయ్యాడు. ఆయన పేరిట ఊళ్ళో ఒక మ్యూజియం కూడా ఉంది. ఆ పూతను ఒక్కసారి చూస్తే, తోటమాలి కవి కావడంలో వింతేముందనిపిస్తుంది.

మే పదిహేడూ, నువ్వు చప్పుడు చేసుకుంటూ వస్తావు. ఉదయం ఏడింటికి ఎక్కడో గట్టు మీద ఢామ్మని పేల్చారు. ఆ చప్పుణ్ణి ఈ కొండ ఆ కొండకు విసిరింది, ఆ కొండ మూడో కొండకు. నేను బస చేసిన ఇంటి కుక్క బల్ల కిందికి దూరింది. ఇంటావిడ మాత్రం ఇస్త్రీపెట్టె వదలకుండానే, "లేచారా? గదిలో కూర్చోవడానికి వీల్లేదివాళ. టిఫిన్ తిని చర్చి దగ్గరికి రండి" అంది. అది ఆహ్వానమో ఆజ్ఞో తేల్చుకునే లోపే బల్ల మీద రొట్టె, గుడ్లు, ఉప్పు పట్టించి ఆరబెట్టిన చేప, గోధుమరంగు మేకపాల జున్ను, వాటి మధ్య ఒక చిట్టి జెండా.

ఎనిమిదింటికి ఇంటింటి ముందూ తెల్లటి స్తంభాల మీదికి జెండాలు ఎక్కాయి. ఎర్రటి బట్ట మీద తెల్ల అంచున్న నీలి శిలువ. 1821లో ఫ్రెడ్రిక్ మెల్ట్‌సర్ గీసిన నమూనా అది. ఎగరేయడానికి ముఖ్య అతిథి ఎవరూ రాలేదు. పక్కింటి తాత రాత్రి పైజామా మీదే కోటు తొడుక్కొచ్చి ఎగరేసి, ఒక నిమిషం తలెత్తి చూసి, కాఫీ చల్లారిపోతుందని లోపలికి పోయాడు. ఎదురింట్లో ఒక పిల్ల తాడు లాగుతుంటే వాళ్ళమ్మ పక్కన నిలబడి ముడి ఎలా వెయ్యాలో చూపిస్తోంది. గుమ్మాలకు అటూ ఇటూ కొత్త చిగుళ్ళున్న బిర్చ్ కొమ్మలు కట్టారు. ఆ పని మాత్రం నాకెవరూ వివరించనక్కర్లేదు. ఉగాదికి మామిడి తోరణం కట్టే ఊరి నుంచి వచ్చినవాణ్ణి.

ఇక బట్టలు! నీకోసం తీసే బట్టల గురించి చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. బూనాద్ అంటారు. ఏ లోయవాళ్ళకు ఆ లోయ బూనాద్. హార్డాంగర్ ఆడవాళ్ళది ఎర్రటి రవిక, నల్లటి నిండు పరికిణీ, ఎద మీద పూసలు కుట్టిన పట్టీ, ముందు వేలాడే తెల్లటి గుడ్డ. ఆ తెల్లగుడ్డ అంచున దారాలు లెక్కపెట్టి లాగేసి, మిగిలిన దారాల చుట్టూ సూదితో అల్లిన జాలీ పని ఉంటుంది. ఎక్కడెక్కడి కుట్టుపని పుస్తకాల్లోనూ హార్డాంగర్ పని అని పేరుపడింది ఇదే. గొంతు దగ్గర వెండి పతకాలు, వాటికి వేలాడే సన్నని వెండి రేకులు. మనిషి అడుగేస్తే చాలు, అవి చిన్నగా మాట్లాడతాయి. ఆ వెండి అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి కూతురికి వస్తుంది. కొత్తగా కుట్టించుకోవాలంటే మాటలు కాదు, పదుల వేల క్రోనర్లు కావాలి. అందుకని యుక్తవయసులో ఒకసారి కుట్టించుకుని, ఒళ్ళు పెరిగినప్పుడల్లా కుట్లు వదులు చేయించుకుంటారు. నీ పండుగకు ముందు కుట్టుపని వచ్చినావిడ గడప తొక్కడం కష్టమని ఇంటావిడ నవ్వింది. రవిక హుక్కు పెట్టుకోవడానికి ఊపిరి బిగబట్టి మరీ నవ్వింది.

ఇంతకీ నువ్వు ఎవరివి, మే పదిహేడూ? కోట పడగొట్టిన రోజువా? రాజును దించిన రోజువా? శత్రువు ఓడ ఎక్కి వెళ్ళిపోయిన రోజువా? అవేవీ కావు. నాలుగు వందల ఏళ్ళకు పైగా డెన్మార్క్‌తో ముడిపడి ఉన్న నార్వేను, నెపోలియన్ యుద్ధాల్లో డెన్మార్క్ ఓడిన పక్షాన నిలిచినందుకు, 1814 జనవరిలో కీల్ ఒప్పందం ప్రకారం స్వీడన్ రాజుకు అప్పగించారు. పొలం చేతులు మారేటప్పుడు పైరునెవరూ అడగరు కదా, జనాన్నీ అడగలేదు. అడగకపోయినా జనం జవాబు చెప్పారు. ఏప్రిల్ నాటికి 112 మంది ఐడ్స్‌వోల్‌లో ఒక ఇనుప కార్ఖానా యజమాని భవంతిలో కూడారు. అందులో అధికారులున్నారు, వర్తకులున్నారు, సిపాయిలున్నారు, రైతులున్నారు. ఉత్తర కొసనున్న జిల్లాల నుంచి మాత్రం ఒక్కరూ లేరు, అంత దూరం నుంచి సమయానికి చేరలేకపోయారు. ఆరు వారాలు తిరక్కుండానే రాజ్యాంగం రాసి, మే 17న సంతకాలు పెట్టారు. ఆ వేసవిలోనే స్వీడన్‌తో యుద్ధం వచ్చింది, తగ్గాల్సి వచ్చింది, నవంబరుకల్లా స్వీడన్ రాజే నార్వేకూ రాజయ్యాడు. అయితే రాసుకున్న కాగితం చిరిగిపోలేదు. కొన్ని సవరణలతో ఆ రాజ్యాంగం నిలిచింది. తమ రాజును తాము ఎంచుకునే పూర్తి స్వాతంత్ర్యం 1905లో గాని రాలేదు.

అంటే నువ్వు గెలిచినవాళ్ళ పండుగవు కావు, తల్లీ! సగం గెలిచి సగం ఓడి, రాసుకున్న మాటను తొంభై ఏళ్ళు పిడికిలి విప్పకుండా పట్టుకున్నవాళ్ళ పండుగవు. అందుకే మొదట్లో నువ్వంటే రాజుకు గిట్టలేదు. 1829లో నీ రోజున, రాజ్యాంగం పేరే పెట్టుకున్న ఒక ఆవిరి ఓడ రాజధాని రేవుకు వస్తే, చూడవచ్చిన జనం చౌరస్తాలో పోగయ్యారు. గుర్రపు దళం వాళ్ళ మీద పడి చెదరగొట్టింది. ఆ గుంపులో కుర్రకవి హెన్రిక్ వెర్గెలాండ్ ఉన్నాడు. నిన్ను నిలబెట్టినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది ఆయన పేరే. తరవాత బ్యోర్న్‌స్టియర్నె బ్యోర్న్‌సన్ వచ్చాడు. 1903లో నోబెల్ అందుకున్న రచయిత, జాతీయగీతం రాసినవాడు. ఆ గీతానికి రికార్డ్ నూర్‌డ్రాక్ బాణీ కట్టాడు, 1864లో నీ రోజునే దాన్ని జనం ముందు తొలిసారి పాడారు. 1870లో బ్యోర్న్‌సన్‌దే పూనిక: పెద్దల ఊరేగింపు ఎప్పుడూ ఉండేదే, పిల్లల్ని నడిపిద్దాం అన్నాడు. మగపిల్లలు నడిచారు. ఆడపిల్లలకు ఆ వరుసలో చోటు దొరకడానికి 1889 దాకా పట్టింది. దేశమంతటా ఆడవాళ్ళకు మగవాళ్ళతో సమానంగా ఓటు వచ్చింది 1913లో. ఈ రెండు ఏళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడండి. చట్టం తలుపు తీయడానికి ఇరవై నాలుగేళ్ళ ముందే ఆడపిల్లలు జెండా పట్టుకుని వీధిలో నడిచేశారు!

ఇప్పుడు నీ అసలు వైభవానికి వస్తున్నాను.

చర్చి 1859 నాటిది, తెల్లటి చెక్క కట్టడం, నీళ్ళ ఒడ్డునే ఉంటుంది. ఆ ఆవరణలో జనం చేరుతున్నారు. ఎదురుపడ్డవాళ్ళందరిదీ ఒకటే పలకరింపు, గ్రాతులేరర్ మె దాగెన్, అంటే ఈ రోజుకు శుభాకాంక్షలని. తెలిసినవాళ్ళకూ అదే, తెలియనివాళ్ళకూ అదే. ఊళ్ళో నాలాంటి నల్లటి మొహం నాదొక్కటే అయినా, ఎవరి నోట్లోనూ ఆ మాట ఒక్క క్షణం ఆగలేదు. పదిహేను నిమిషాల్లో నేనూ అనేస్తున్నాను, నా యాస విని నవ్వే పిల్లలకు మరోసారి అని చూపిస్తున్నాను.

ముందు పెద్ద జెండా. దాని వెనక బడి పిల్లల బ్యాండు. కొమ్ముబూరలు, క్లారినెట్లు, తన కంటే పెద్ద ట్యూబాను మోస్తూ వెనక్కి వాలి నడిచే ఒక బక్కపిల్లాడు, భుజాన వేలాడే డోలును ఒక సెకను ముందే కొట్టేసే ఒక ఉత్సాహవంతురాలు. ఈ బ్యాండ్ల గురించి ఒక ముచ్చట చెప్పాలి. నార్వేలో ఇంచుమించు ప్రతి ఊరికీ బడి బ్యాండు ఉంటుంది. వాటి యూనిఫారాలకు, వాయిద్యాలకు డబ్బు ఎలా వస్తుందనుకున్నారు? పిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలూ ఇంటింటికీ తిరిగి టాయిలెట్ పేపర్ కట్టలు అమ్ముతారు! పాత సామాన్ల సంత పెడతారు. దేశభక్తి గీతాల వెనకాల ఇంత టాయిలెట్ పేపర్ ఉందని తెలిశాక నాకు ఆ గీతాల మీద గౌరవం పెరిగింది. చలికాలమంతా చీకటి సాయంత్రాల్లో బడి హాల్లో సాధన చేసిన రాగాలవి. తప్పు స్వరం వినిపించినప్పుడు ఊళ్ళో ఎవరూ మొహం చిట్లించరు, అది ఎవరి పిల్లాడిదో అందరికీ తెలుసు.

బ్యాండు వెనక బడి పేరు కుట్టిన పట్టు పతాకం, తరగతి వారీగా పిల్లలు, తాడు పట్టుకుని కలిసి నడిచే బాలవాడి బుడతలు, తోపుడు బళ్ళలో పసికందులు. ఆ తర్వాత ఎర్ర ప్యాంట్ల దండు. అంటే పన్నెండు పదమూడేళ్ళ చదువు ముగించబోతున్న పెద్ద పిల్లలు. రెండు మూడు వారాలుగా ఆ ప్యాంట్లు విప్పకుండా రాత్రుళ్ళు చిందులేసి, ఇవాళ గొంతులు బొంగురుపోయి, కళ్ళు మూతలు పడుతూ నడుస్తుంటారు. పరీక్షలు ఇక ముందున్నాయి. తమ ఫొటో, ఏదో ఒక కొంటె మాట అచ్చేయించుకున్న చిట్టి కార్డులు వాళ్ళ జేబుల్లో ఉంటాయి. చిన్నపిల్లలు వాళ్ళ వెంటపడి ఆ కార్డులు అడుక్కుంటారు. ఒకడి గుప్పెట్లో పెద్ద దొంతరే ఉంది, నాకు చూపించాడు గాని ముట్టుకోనివ్వలేదు. ఇక ఆ వెనక పాటల బృందం, ఫుట్‌బాల్ జట్టు, రైతులు, అమ్మలు, నాన్నలు, అత్తలు, మామలు, కుక్కలు. కుక్కల మెడలకూ మూడు రంగుల రిబ్బన్లే.

నేను రోడ్డు పక్కన కెమెరా పట్టుకుని నిలబడ్డాను. యాత్రికుడు నిలబడే చోటు అదే కదా. ఊరేగింపు కదిలింది, నా ముందు నుంచి సాగింది. అప్పుడు చుట్టూ చూస్తే రోడ్డుకు అటూ ఇటూ చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఊరంతా వరుసలోనే ఉంది! పెద్ద నగరంలో నడిచేవాళ్ళు వేరు, చూసేవాళ్ళు వేరు. ఇక్కడ చూడడానికంటూ ఒక మనిషిని మిగిల్చే స్తోమత ఊరికి లేదు. ఆ రోజు ఉల్విక్ మొత్తానికి ప్రేక్షకుణ్ణి నేనొక్కణ్ణే. ఎంత ఇబ్బంది! పదకొండు వందల మంది నటిస్తున్న నాటకానికి ఒకే ఒక్క టికెట్ కొన్నవాణ్ణి. అందరూ నన్ను చూసి చెయ్యి ఊపుతున్నారు, ఊపడానికి వేరే ఎవరూ లేరు మరి. చివరకు ఆరేడేళ్ళ పిల్ల ఒకతి వరుస తప్పి వచ్చి, రెండు చేతుల్లో ఉన్న రెండు జెండాల్లో ఒకటి నా చేతిలో పెట్టి, మాటైనా మాట్లాడకుండా తిరిగి పరుగెత్తింది. ఇంకేం చేస్తాను? కెమెరా జేబులో పెట్టి రోడ్డు దిగాను. కాదు, రోడ్డెక్కాను.

మే పదిహేడూ, నాది కాని జెండా నాతో పట్టించావు. చేతికి అదేమీ బరువు కాలేదు. పుట్టిన జెండా మీద ప్రేమ తరిగిందీ లేదు. ఇంటావిడ పక్కకు జరిగి చోటిచ్చింది, అవతలి పక్కనున్న రైతు పిప్పర్‌మెంటు బిళ్ళ ఇచ్చాడు. చినుకులు మొదలయ్యాయి. ఎవరూ పరుగెత్తలేదు. పూసల రవికల మీదికి పారదర్శకమైన ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు వచ్చాయి, ట్యూబా పిల్లాడి బూరలోకి వాన పడుతోంది, బ్యాండు అదే పాట ఇంకా గట్టిగా వాయించింది. పశ్చిమ తీరంలో వాన రాకపోతే అదే వార్త అన్నాడు రైతు.

ఊరేగింపు ఎక్కడికి వెళ్తుందో నేను ఊహించలేదు. రాజధానిలోనైతే రాజప్రాసాదం ఉంది. ఉల్విక్‌లో రాజు లేడు, మేడ లేదు. ఊరేగింపు వృద్ధుల ఇంటి ముందు ఆగింది.

అక్కడ కిటికీలన్నీ తెరిచి పెట్టారు. వరండాలో చక్రాల కుర్చీల వరుస. కుర్చీల్లో బూనాద్‌లు తొడుక్కున్న ముసలి రాణులు, కోటు గుండీకి రిబ్బను గుచ్చుకున్న ముసలి రాజులు, మోకాళ్ళ మీద గొంగళ్ళు. పొద్దున్నే ఎవరో ఓపిగ్గా కూర్చుని ఒక్కొక్కరికీ ఆ కష్టమైన రవికలు తొడిగి, వెండి పతకాలు పెట్టి, జుట్టు దువ్వి సిద్ధం చేసి ఉంటారు. బ్యాండు వాళ్ళకు ఎదురుగా అర్ధచంద్రాకారంగా నిలబడింది. పిల్లలు ముందుకొచ్చారు. పాట ఎత్తుకోగానే, అప్పటిదాకా తల వాల్చుకుని ఎటో చూస్తున్న ఒక ముసలావిడ పెదవులు కదిలాయి. చరణం తర్వాత చరణం తప్పు పోకుండా కదులుతూనే ఉన్నాయి. ఆవిడకు ఇంట్లోవాళ్ళ పేర్లు కూడా గుర్తుండవని నా పక్కనున్నావిడ మెల్లగా చెప్పింది. పాట మాత్రం ఎక్కడ దాక్కుందో అక్కడి నుంచి నడిచొచ్చింది. ట్యూబా పిల్లాడు ఒక కుర్చీ వైపు చూసి కన్నుగీటాడు. ఆ కుర్చీలోని తాత చిట్టి జెండాను కత్తిలా పైకెత్తి వందనం స్వీకరించాడు. సైన్యాధ్యక్షులు స్వీకరించే వందనాలు చాలా చూశాను. ఇంత హక్కుగా స్వీకరించిన వందనం ఇంకొకటి చూడలేదు.

నీ ఊరేగింపులో తుపాకి భుజాన వేసుకున్నవాడు ఒక్కడు లేడు. ట్యాంకు లేదు, క్షిపణి బొమ్మ లేదు. ఈ ఊరికి యుద్ధం తెలియక కాదు. 1940 ఏప్రిల్‌లో జర్మన్ల దాడిలో ఉల్విక్ నడిబొడ్డు కాలిపోయింది. ఆ తర్వాతి ఆక్రమణ ఏళ్ళలో నువ్వు నిషిద్ధానివి, నీ రంగుల రిబ్బను పెట్టుకున్నా నేరమే. 1945 మే 8న విముక్తి వచ్చింది. తొమ్మిదో రోజుకు నువ్వు వచ్చావు. ఆ ఏటి మే పదిహేడు ఎలా ఉండేదో, కళ్ళారా చూసిన పెద్దలు ఏ ఊళ్ళోనూ ఎక్కువమంది మిగల్లేదు. యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాతి దగ్గర పూలచక్రం ఉంచారు. ఒక నిమిషం జలపాతం తప్ప ఏదీ మాట్లాడలేదు. తర్వాత పెద్ద తరగతి పిల్ల ఒకతి కాగితం చూసి ప్రసంగం చదివింది. చేతులు వణికాయి గాని గొంతు వణకలేదు.

నిన్ను స్తుతించేవాణ్ణి, నీ మచ్చలు దాచను. 1814లో రాసిన నీ రాజ్యాంగం రెండో అధికరణం యూదులను దేశంలో అడుగు పెట్టనీయలేదు. అంత ఉదారమైన కాగితం మీద అంత ఇరుకు వాక్యం! దాన్ని తీసేయించాలని వెర్గెలాండ్ చివరిదాకా పోరాడి, 1845లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. 1851లో గాని ఆ నిషేధం పోలేదు. ఏటా నీ రోజున ఓస్లోలో ఆయన సమాధి దగ్గరికి యూదులు వెళ్ళి పూలు ఉంచుతారు. ఉత్తరాన సామీ జనానికి వాళ్ళ భాష, వాళ్ళ పాట బళ్ళలో వినపడకుండా చేసిన తరాలున్నాయి. ఇవాళ కౌటొకైనోలో, కరాష్‌యోక్‌లో నీ ఊరేగింపుకు సామీలు తమ నీలి ఎర్ర దుస్తులు వేసుకొస్తారు. 1983లో, వలస వచ్చినవాళ్ళ పిల్లలు నడవకూడదని ఓస్లోలో ఒక బడికి బాంబు బెదిరింపు వచ్చింది. బడి ఆగలేదు, పిల్లలంతా కలిసే నడిచారు. ప్రతిసారీ ఇదే వరస, మే పదిహేడూ. కాగితం వెనకబడితే కాళ్ళు ముందు నడిచాయి. ఆడపిల్లల విషయంలోనూ అంతే జరిగింది కదా.

చాలు, ఆకలేస్తోంది.

మధ్యాహ్నం బడి ఆవరణలోకి దారి తీసింది ఊరు. అక్కడ కేకుల బల్ల ఎంత పొడుగంటే, ఈ చివర నిలబడి ఆ చివర ఏముందో చెప్పలేను. ఇంటికొకటి చొప్పున వచ్చిన కేకులు అవి. మీగడ కేకు మీద స్ట్రాబెర్రీలు, బ్లూబెర్రీలు పేర్చి జెండా చేసినవి ఏడెనిమిది కనిపించాయి. బాదం పిండి చక్రాలు పెద్దదాని మీద చిన్నది పేర్చుకుంటూ పోయి గోపురంలా నిలబెట్టినది ఒకటుంది. పిల్లలు దాన్ని పై నుంచి తినాలనుకుంటారు, పెద్దలు కింది చక్రం నుంచి విరుస్తారట, గోపురం అలాగే నిలబడాలని. శాకాహారం అడిగిన నాకు రొమ్మెగ్రోత్ దొరికింది. పులిసిన మీగడను పిండితో ఉడికించి, తేరిన వెన్న పైన పోసి, చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లిన జావ. ఒక గిన్నె తిన్నాక మనిషి కూర్చోవాలి. నేను కూర్చున్నాను. పిల్లలకు ఆ రోజు ఐస్‌క్రీముకు లెక్క లేదు. ఎన్ని తిన్నావని అడిగే నోరు ఆ ఒక్కరోజు మూతబడుతుంది. సాసేజీల దగ్గర నాన్నలు, కాఫీ దగ్గర తాతలు, లాటరీ చీటీల దగ్గర అమ్మలు. ఇదంతా నడిపించేది ఒక తరగతి పిల్లల తల్లిదండ్రులు. ఈ ఏడు వీళ్ళ వంతు, వచ్చే ఏడు మరొకరి వంతు. జీతం లేదు, సన్మానం లేదు, వేదిక మీద కుర్చీ లేదు. అసలు వేదికే లేదు.

ఆటలు చూసి నాకు నవ్వాగలేదు. గోనెసంచిలో కాళ్ళు పెట్టి గెంతే పందెం, తాడులాగుడు, డబ్బాలు పేర్చి బంతితో కొట్టడం. చెంచాలో ఆలుగడ్డ పెట్టుకుని పరుగెత్తే పందెం కూడా ఉంది. మన బళ్ళలో పంద్రాగస్టుకు చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తిన కాళ్ళు నావి. నిమ్మకాయతో పోలిస్తే ఆలుగడ్డ జారదు, దొర్లదు, కనుక నార్వే పిల్లల పందెం తేలికని నా నిశ్చితాభిప్రాయం. పెద్దల పందెంలో నన్నూ దింపారు. ఆ ఫలితం ఇక్కడ అప్రస్తుతం.

సాయంత్రం ఒకాయన హార్డాంగర్ ఫిడేలు తీశాడు. మామూలు వయొలిన్ లాగే ఉంటుంది గాని, కమాను తగిలే నాలుగు తీగల కింద ఎవరూ ముట్టుకోని తీగలు ఇంకో నాలుగైదు ఉంటాయి. పై తీగ పలికితే అవి వాటంతట అవే పలుకుతాయి, మన సితారులో తరఫ్ తీగల్లాగానే. తేదీ ఉన్నవాటిలో ఎంతో పాతదిగా పేరున్న ఫిడేలు మీద 1651 అని ఉంటుంది, దాన్ని చేసింది ఈ ప్రాంతపువాడే. ఆ పాటకు రెండు జంటలు లేచి తిరిగాయి, వెండి రేకులు తాళం వేశాయి. తొమ్మిదింటికి జెండాలు దించారు. నేల తగలకుండా ఇద్దరిద్దరు పట్టుకుని మడతపెట్టారు. ఆకాశంలో ఇంకా చదువుకునేంత వెలుతురుంది.

మే పదిహేడూ, ఇంత పొగిడాక ఒక అసూయ కూడా చెప్పుకోనీ. మాకూ ఒక రాజ్యాంగం ఉంది. 1949 నవంబరు 26న ఆమోదించుకున్నాం, 1950 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చుకున్నాం. నీ కాగితం కంటే చాలా పెద్దది, చాలా ఎక్కువమందిని తొలిరోజే లోపలికి రమ్మన్నది, ఆడవాళ్ళ ఓటుకు వాయిదా వెయ్యనిది. దాని పండుగ మాత్రం మేం ఎక్కువగా ఢిల్లీకి వదిలేసి టీవీలో చూస్తాం. మా ఊరి బడిలో జెండా ఎగురుతుంది, పిల్లలు పాడతారు, బిళ్ళలు పంచుతారు, తొమ్మిదిన్నరకల్లా ఎవరి పనికి వాళ్ళు. ఒకప్పుడు ప్రభాతభేరి ఉండేది. తెల్లవారకముందే పిల్లలం నినాదాలిస్తూ వీధి వీధీ తిరిగేవాళ్ళం, ముగ్గు వేస్తున్న అమ్మలు చేతులు ఆపి చూసేవాళ్ళు. చాలా ఊళ్ళలో అదీ సన్నబడింది. మా వీధుల్లోనూ వృద్ధులున్నారు, డప్పు కొట్టేవాళ్ళున్నారు, సన్నాయి ఊదేవాళ్ళున్నారు, ఇంటికో వంటకం చేసుకొచ్చే చేతులున్నాయి. కావాల్సిందల్లా అందరూ రోడ్డెక్కడం.

ఇక మే నెలలో అటువైపు వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. బెర్గెన్ నుంచి రైల్లో వోస్ దాకా, అక్కడి నుంచి బస్సులో ఉల్విక్. పండుగనాడు బస్సులు తక్కువ, దుకాణాలు మూసే ఉంటాయి, కనుక ముందురోజే చేరండి. పెట్టెలో ఒక మంచి జత బట్టలు, ఒక రెయిన్‌కోటు పెట్టుకోండి. చీరయినా పంచె అయినా నిరభ్యంతరంగా కట్టుకోవచ్చు. ఊరేగింపు వచ్చినప్పుడు మాత్రం రోడ్డు పక్కన నిలబడిపోకండి, చెయ్యి ఊపలేక చస్తారు. వరుసలో చేరండి.